నడిగీత దాటే నాడి

నారాయణఖేడ్‌లో మా పెద్దనాయన ఇంటి ముందర ఎండాకాలం వచ్చిందంటే ఒక మంచం చట్రం ఒట్టిగా నిలబడి ఉండేది. పాత నులక విప్పేసి, నాలుగు కోళ్లూ నాలుగు పట్టెలూ మాత్రం మిగిల్చి, గోగునారతో కొత్తగా పేనిన నులక ఉండలు పక్కన పెట్టుకుని పని మొదలుపెట్టేవాడు. ఒక మూల నుంచి ఐమూలగా వచ్చిన నులకకు అడ్డంగా, ఎదుటి మూల నుంచి ఇంకో వరస వచ్చేది. రెండు పోగుల మీదినుంచి, మళ్లీ రెండింటి కిందినుంచి. మధ్యాహ్నానికి మంచం నడుమ గళ్లు తేలేవి. వందల చోట్ల నులక మీద నులక దాటేది కానీ ఒక్క ముడి కనబడేది కాదు. మనిషి బరువు పడ్డకొద్దీ ఆ దాటుళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఇంకా బిగిసేవి.

చిన్నతనపు తొందరలో నేను ఒక పోగు లాగి నాకు తోచిన చోట దూర్చాను. ఆయన కోప్పడలేదు. పోగు మెల్లగా వెనక్కి తీసి, "ఏడ దాటాల్నో ఆడనే దాటాలె బిడ్డా. యాడబడితె ఆడ దాటితె మంచం గాదు, చిక్కు అయితది" అన్నాడు.

ఆ మాట నాకు పూర్తిగా అర్థమయ్యేసరికి ఆయన కుడి చెయ్యి పడిపోయింది. ఒక పొద్దున లేవబోతే కుడి కాలు, కుడి చెయ్యి రెండూ చెప్పినమాట వినలేదు. మూతి వంకరపోయింది, నుదురు మాత్రం ఎప్పటిలాగే ముడుతలు పడుతోంది. వంద కిలోమీటర్లు దాటి హైదరాబాదు తీసుకుపోయాం. డాక్టరు స్కాన్ ఫిల్మును వెలుగుకు పెట్టి ఎడమ మెదడులో దెబ్బ చూపించాడు. మాకేమో ఆ మచ్చ ఫిల్ములో కుడివైపు కనబడుతోంది. పడుకున్న మనిషిని పాదాల వైపు నుంచి చూస్తున్నట్టు ఆ ఫిల్మును చదవాలట. "చెయ్యి కుడిదాయె, ఎడమ దిక్కు చూస్తున్నరేంది సారూ?" అంది మా పెద్దమ్మ. డాక్టరు ఏమీ అనకుండా తన రెండు చేతుల వేళ్లూ ఒకదాని సందులో ఒకటి పోనిచ్చి ఆమె ముందు పెట్టాడు. అంతకన్నా నిజమైన బొమ్మ నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు.

మెదడు అడుగున, వెన్నుపాముగా మారబోయే చోటును మజ్జాముఖం అంటారు. దాని ముందువైపు రెండు నిలువు గట్లుంటాయి. వాటి పేరు పిరమిడ్లు. ఒక్కొక్క గట్టులో దాదాపు 10 లక్షల నాడీ తంతువులు మెదడు పైపొర నుంచి కిందికి దిగుతుంటాయి. పుర్రె ముగిసి మెడ మొదలయ్యే ఆ కొద్దిపాటి జాగాలో, నూటికి 85 నుంచి 90 తంతువులు నడిగీత దాటి అవతలి పక్కకు పోతాయి. అన్నీ ఒక్కపెట్టున దూకవు. కుడి నుంచి ఒక కట్ట, దాని కింద ఎడమ నుంచి ఒక కట్ట, మళ్లీ కుడి నుంచి ఒకటి, అచ్చం ఆ డాక్టరు వేళ్లలాగే. 1846లో మొదలైన ఉస్మానియా వైద్య కళాశాలలోనైనా, 2022లో తెరిచిన సంగారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాలలోనైనా మొదటి సంవత్సరం విద్యార్థి నేర్చుకునే పాఠమే ఇది. రెండు గట్ల నడుమ గాడిని కొంచెం ఎడంగా విప్పి చూస్తే, పైనంతా శుభ్రంగా కనబడే గీత ఆ ఒక్కచోట కట్టల అల్లికతో పూడిపోయి ఉంటుంది. మిగిలిన కొద్ది తంతువులు దాటకుండా తమ పక్కనే దిగిపోతాయి. నుదుటిని కదిపే నాడులకైతే రెండు పక్కల మెదడు నుంచీ ఆజ్ఞ అందుతుంది. మా పెద్దనాయన మూతి వంకరపోయినా నుదుటి ముడుతలు నిలిచింది అందుకే.

తలకు ఒక పక్క దెబ్బ తగిలితే రెండో పక్క ఒంటికి చేటు వస్తుందని గ్రీకు వైద్యులు రెండు వేల ఏళ్ల కిందటే గమనించారు. ఆ దాటుడును కళ్లతో చూసి రాసింది మాత్రం 1709లో ఇటలీ వైద్యుడు మిస్టికెల్లి. మరుసటి ఏడే ఫ్రెంచి సైనిక వైద్యుడు పూర్‌ఫూర్ దు పెటీ అదే మాట రాశాడు. దీనికి నిలిచిన పేరు డికసేషన్. రోమన్లు పదిని రాసే ఇంటూ గుర్తు నుంచి వచ్చిన మాట.

నాకు ఇంకా ముచ్చటేసేది కింది నుంచి పైకి పోయే దారుల పనితనం. మా వైపు నల్లరేగడిలో తుమ్మముల్లు తొక్కని కాలు ఉండదు. కుడి అరికాల్లో ముల్లు దిగిందనుకోండి. నొప్పి వార్త వెన్నుపాములోకి అడుగుపెట్టగానే అక్కడే, ఒకటి రెండు మెట్ల లోపలే, ఎడమ పక్కకు దాటి పైకి పోతుంది. అదే అరికాలు మట్టిని తాకిన మెత్తని స్పర్శ, కాలు ఎంత వంగి ఉందన్న ఎరుక మాత్రం వెంటనే దాటవు. కుడి పక్కనే మజ్జాముఖం దాకా ఎక్కి, అక్కడ దాటుతాయి. ఒకే పాదం, ఒకే క్షణం, రెండు వార్తలు, రెండు వేర్వేరు రేవులు. పందొమ్మిదో శతాబ్దం నడుమ బ్రౌన్ సెకార్ అనే వైద్యుడు దీన్ని పట్టి చూపాడు. వెన్నుపాములో కుడి సగం మాత్రమే తెగితే, గాయం కింద కుడి కాలు కదలదు, దానికి మెత్తని తాకుడు తెలియదు. నొప్పి, వేడి తెలియనిది మాత్రం ఎడమ కాలికి. దారులు ఎక్కడ దాటాయో తెలిసిన వైద్యుడు సూది, దూది పట్టుకుని పడక పక్కన నిలబడి, గాయం ఏ మెట్టులో ఉందో చెప్పగలడు. ఆ నేర్పు ముందు నాకు ఎప్పుడూ చేతులు జోడించాలనిపిస్తుంది.

కంటి దగ్గర అల్లిక ఇంకో తీరు. రెండు కళ్ల నాడులూ మెదడు అడుగున కలిసే చోట సగం దాటుతాయి, సగం దాటవు. ముక్కు వైపు సగం నుంచి వచ్చిన తంతువులు అవతలికి పోతాయి, కణత వైపు సగం నుంచి వచ్చినవి తమ పక్కనే ఉంటాయి. ఫలితంగా రెండు కళ్లు చూసిన ఎడమ లోకమంతా కుడి మెదడుకు, కుడి లోకమంతా ఎడమ మెదడుకు చేరుతుంది. న్యూటన్ 1704లో అచ్చయిన తన కాంతి గ్రంథంలోనే ఈ సగం దాటుడును ఊహించాడు. వాకిట్లో తిరిగే కోడికి కళ్లు చెరో పక్కన కాబట్టి దాని తంతువులు దాదాపు అన్నీ దాటుతాయి. గుడ్లగూబకు మాత్రం మనలా కళ్లు ముందుకే ఉన్నా, తంతువులన్నీ కోడికిలాగే దాటుతాయి. తర్వాత లోపల ఇంకోచోట మరో దాటుడు పెట్టుకుని ఆ లెక్క సరిచేసుకుంటుంది. ఒకే పనికి ఇద్దరు పనివాళ్లు వేరు వేరు చోట పోగు తిప్పినట్టు.

ప్రకృతిలో ఇలాంటి గళ్లు చాలాచోట్ల కనబడతాయి. సీతాఫలం కళ్లు రెండు దిక్కులా చుట్లు తిరుగుతూ పోతాయి. పొద్దుతిరుగుడు పువ్వులో గింజలు ఒక వైపు 34 వరసలుగా, ఎదురు వైపు 55 వరసలుగా ఉండడం మామూలే. చూడముచ్చటే, కానీ అక్కడ దాటే పోగు లేదు. గింజ వెనక గింజ పుట్టిన క్రమాన్ని మన కన్ను గీతలుగా కలుపుకుంటుంది. మోకాలిలో ఇంటూ గుర్తులా ఒకదాని ముందర ఒకటి పోయే రెండు కట్టుతాళ్లు, వెన్నుపూసల నడుమ బిళ్లలో పొరపొరకూ దిశ మార్చుకునే నారలు నులకకు దగ్గర చుట్టాలు. పత్తి ఏరడానికి రోజంతా వంగే నడుమును ఆ నారలే కాస్తాయి. అయినా అవి పట్టి ఉంచే అల్లికలే. నాడుల అల్లిక వార్త మోస్తుంది. పోగు తప్పితే బిగువు పోవడం కాదు, వార్త తప్పుడు ఇంటికి చేరుతుంది.

మరి ఎక్కడ దాటాలో ఆ పోగుకు ఎవరు చెప్తారు? పిండంలో వెన్నుపాము రూపుకట్టేటప్పుడు, నడిగీత దగ్గరి కణాలు ఒక ప్రోటీనును విడుస్తాయి. పెరుగుతున్న తంతువు కొస ఆ వాసన పట్టినట్టు దాని వైపు సాగుతుంది. 1994లో టెస్సియే లవీన్ అనే శాస్త్రవేత్త బృందం కోడిపిండాల మెదళ్ల నుంచి దాన్ని వేరుచేసి నెట్రిన్ అని పేరు పెట్టింది. సంస్కృతంలో దారి చూపేవాడు అనే అర్థమిచ్చే 'నేతృ' నుంచి తీసుకున్న పేరు. మనకు అదే మాట నేత అయింది. మగ్గం మీద చేసే పని కూడా తెలుగులో నేతే. పుట్టుకలో ఈ రెండు మాటలకూ సంబంధం లేదు. అయినా ఈ ప్రోటీను చేసే పనికి రెండు అర్థాలూ సరిపోవడం తెలుగువాడికి మాత్రమే దక్కే సంతోషం.

లాగడం సగం పనే. దాటిన తంతువు మళ్లీ వెనక్కి రాకూడదు. దానికి ఇంకో ఏర్పాటు ఉంది. నడిగీత దగ్గరే స్లిట్ అనే మరో ప్రోటీను ఉంటుంది, అది తరిమేది. దాన్ని గుర్తుపట్టే రోబో అనే గ్రాహకం, దాటకముందు తంతువు కొస మీద అణిగి ఉంటుంది. దాటగానే పైకి వస్తుంది. నిన్న పిలిచిన ఇల్లే ఇవాళ గెంటేస్తుంది, పోగు ముందుకు సాగక తప్పదు. రోబో లేని పండ్ల ఈగల్లో తంతువులు గీత చుట్టూ పదేపదే తిరుగుతుండడం చూసి, చుట్టుదారి అనే అర్థంలో ఆ పేరు పెట్టారు. పిలుపు, తరుముడు ఒకే చోట పెట్టి, వినే చెవిని మాత్రం సమయానికి మార్చడం! ఇంతకు మించిన పనితనం నేను ఎరగను.

పోగు తప్పిన మనుషులూ ఉన్నారు. నెట్రిన్‌ను అందుకునే గ్రాహకం జన్యువులో లోపం ఉన్న కొన్ని కుటుంబాల్లో, కుడి చెయ్యి ఏది చేస్తే ఎడమ చెయ్యీ తెలియకుండానే అది చేస్తుందని 2010లో తేలింది. రోబో జాతి జన్యువు ఒకటి పాడైన అరుదైన స్థితిలో మజ్జాముఖంలో దాటుడే జరగదు. వాళ్ల కళ్లు పక్కలకు తిరగవు, వెన్ను వంకర పోతుంది. అయినా కాళ్లూ చేతులూ చాలామటుకు బాగానే ఆడతాయి. ఈ సంగతి చదివిన రోజు నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అంత శ్రమపడి అల్లిన అల్లిక లేకుండా కూడా చెయ్యి కదులుతుందంటే, ఆ అల్లిక దేనికోసం? కంటి కటకం తిరగేసిన బొమ్మ రెండు సగాలనూ సరిగా అతకడానికే దాటుడు మొదలైందని స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ 1898లో వాదించాడు. మూడు కొలతల లోకంలో తీగలు తప్పుచోట అతుక్కునే అవకాశం దాటితే తగ్గుతుందని 2008లో ఇంకొందరు లెక్కగట్టారు. నాకు రెండోది నచ్చింది, బహుశా మంచం అల్లేవాణ్ణి చూసిన కళ్లు కాబట్టి.

ఇంటికి వచ్చిన ఏడాదికి పెద్దనాయన గోడ పట్టుకుని నడవగలిగాడు. కుడి వేళ్లు మాత్రం నులకను పట్టలేదు, మాటలు సగమే దొరికేవి. ఆ ఎండాకాలం చట్రం ముందర నేను కూర్చున్నాను, ఆయన కుర్చీలో. నడుమ దాకా బాగానే వచ్చింది. అంతలో ఎడమ చేతి కర్రతో చట్రాన్ని తట్టాడు. నేను అల్లుతున్న వరసను కాదు, దానికి మూడు వరసల వెనక, నా కంటికి ఏ తప్పూ కనబడని ఒక గడి మీద కర్ర కొస ఆనించాడు. వంగి చూశాను. మీదినుంచి పోవలసిన పోగు కిందినుంచి పోయింది. మూడు వరసలు విప్పడం మొదలుపెట్టాను.