సభలో మాట నిడివి

నలుగురు కూడి ఒక విషయమును చర్చించునప్పుడు ఎవరెంతసేపు మాటాడవచ్చుననునది స్వల్పమైన ప్రశ్నగా కనబడును గాని, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల గోష్ఠులలో చిరకాలము కూర్చుండి వినిన మీదట, చర్చయొక్క ఫలాఫలములు విషయగౌరవముకంటె ఈ నిడివిపైననే ఎక్కువగా ఆధారపడియున్నవని నాకు దృఢవిశ్వాసము కలిగినది.

ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘమును నెలకొల్పిరి. సహకారమనగా సభ్యులు కూడి యోచించుటయే గదా! అయినను మగ్గము దిగి సభకు వచ్చిన నేతగానికి నేసిన బట్టనుబట్టియే కూలి. అతడు సభలో కూర్చున్నంతసేపును అక్కడ గుంటమగ్గముపై నాడె ఆడదు. అట్టివాని యెదుట, తానెరిగినదంతయు చెప్పితీరవలెనని అరగంట ప్రసంగించువాడు, అతని యనుమతి లేకయే అతని కూలిలో కొంత వ్యయపరచుచున్నాడు. మాట కఠినమే యైనను దీనిని తగ్గించి చెప్పుటకు నాకు మనసొప్పదు.

ఆదోనిలో మరియొక విశేషము కలదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించువరకును బళ్ళారి జిల్లాలో నుండిన ఈ సీమలో తెలుగు, కన్నడము, ఉర్దూ ఒకే వీధిలో వినబడును. సభలో వక్త చెప్పినదానిని ఒకడు ప్రక్కనున్న మిత్రునికి మెల్లగా వేరొక భాషలో విప్పిచెప్పుచుండుటయు కద్దు. వక్త ఊపిరి తీసికొనక సాగిపోయినచో ఆ మిత్రునికి సగమే అందును. కావున రెండు మూడు వాక్యములకొకసారి ఆగుట ఇచ్చట ప్రథమ మర్యాద.

గౌతముని న్యాయసూత్రములలో ఐదవ అధ్యాయము 22 నిగ్రహస్థానములను, అనగా చర్చలో ఓటమికి హేతువులగు దోషములను, పేర్కొనినది. చెప్పినదే చెప్పుట పునరుక్తము. ఒక హేతువు చాలినచోట పెక్కింటిని పేర్చుట అధికము. ప్రస్తుతమును విడిచి వేరొకదానిలోనికి పోవుట అర్థాంతరము. ముమ్మారు పలికినను సభకును ప్రతివాదికిని బోధపడకుండుట అవిజ్ఞాతార్థము. మనము విసుగుతో సహించి యూరకుండు ఈ యలవాట్లను ఆ ప్రాచీనులు పరాజయముగానే లెక్కించిరి. అంతకంటె నన్నాకర్షించినది, న్యూనమునుగూడ వారా పట్టికలోనే చేర్చుట: వాదమునకు కావలసిన అవయవములలో ఏ యొక్కటి లోపించినను అదియు ఓటమియే. అందుచేతనే, గడియారము ముందుంచుకొని అందరికిని రెండేసి నిమిషములు పంచిపెట్టు అధ్యక్షుల పద్ధతి నాకు సమ్మతము కాదు. ఏడాదికొక్కమారైనను నోరు విప్పని వృద్ధుడు నూలు ధరనుగూర్చి తడబడుచు మొదలిడినప్పుడు అతనిని తుదిదాక మాటాడనీయవలెను. ప్రతి సభయందును మూడుసార్లు లేచువానిని మొదటిసారియే త్వరగా కూర్చుండబెట్టవలెను.

ప్రత్యుత్తర విషయమునను ఆ సూత్రములే దారి చూపినవి. సభకు బోధపడిన ప్రతివాది మాటను, అతడు ముమ్మారు చెప్పిన పిమ్మటను, తిరిగి చెప్పజాలనివాడు అననుభాషణమను దోషమున ఓడినట్లే. మా గోష్ఠిలో దీనిని ఆచరణకు తెచ్చితిమి: ఆక్షేపించువాడు మొదట ఎదుటివాని మాటను తన నోట చెప్పి, "అవును, నేననినది అదియే" అని అతనిచేత ననిపించుకొని, ఆ తరువాతనే తన యాక్షేపమును వినిపించవలెను. దీనివలన సభలు పొడవైనవని కొందరు మొరపెట్టిరి. నిజమే; కాని వివాదములలో పెక్కులు ఆ మొదటి మెట్టుననే తీరిపోవుచుండగా, పెరిగిన కాలములో అధికభాగము అంతకుముందెన్నడును మాటాడనివారు మాటాడినదే.