దూరవిద్యలో దూరం ఎవరికి?

'దూరవిద్య' అనే మాట విన్నప్పుడల్లా మాకు చెవిలో ఏదో గుచ్చుకుంటుంది. దూరం మన వాడలకు కొత్తది కాదు. బావికి దూరం, గుడికి దూరం, బడిలో తోటిపిల్లల చాపకు దూరం. అట్లాంటి మాట మోసే విశ్వవిద్యాలయానికి 1991లో అంబేద్కర్ పేరు పెట్టినప్పుడు మనం సంబరపడ్డాం. పడాల్సిందే. కాని ఒక ప్రశ్న కూడా వేసి ఉండాల్సింది. వేయలేదు.

చరిత్ర క్లుప్తంగా చెప్పుకుందాం. 1982లో, భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉండగా, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ ఇదే. ఢిల్లీలో ఇందిరాగాంధీ పేరిట వచ్చింది 1985లో. రెండింటికీ మొదటి వైస్‌ఛాన్సలర్ జి. రాంరెడ్డే. ఇంగ్లండ్‌లో 1969లో పుట్టిన ఓపెన్ యూనివర్సిటీ వీళ్ల ముందున్న నమూనా. అంతకు ముందు కరెస్పాండెన్స్ కోర్సులు లేవని కాదు. ఢిల్లీ యూనివర్సిటీ 1962లోనే మొదలుపెట్టింది. కాని అవి ప్రధానంగా మెట్టు మెట్టూ ఎక్కి వచ్చిన వాళ్ల కోసం. ఓపెన్ యూనివర్సిటీ మెట్లనే దాటించింది. పద్దెనిమిదేళ్లు నిండి, చేతిలో ఏ సర్టిఫికెట్టూ లేని మనిషికి అర్హత పరీక్ష పెట్టి బి.ఏ.లో కూర్చోబెట్టింది.

ఈ పనిని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో మాకు పేచీ ఉంది. 'ఓపెన్ డిగ్రీయా?' అని మూతి విరిచే అధ్యాపకుల్ని మేం చూశాం. పదో తరగతిలో బడి మానేసి కూలికి పోయిన పిల్ల, పదేళ్లకు అంగన్‌వాడీలో పని చేసుకుంటూ డిగ్రీ తెచ్చుకుంటే అందులో నవ్వడానికి ఏముంది? ఆ పిల్ల బడి ఎందుకు మానేసిందో మాత్రం వాళ్లు అడగరు. అడిగితే ప్రతిభ అనే మాట వెనక ఉన్న పొలాలూ, ఇళ్లూ, ఇంటిపేర్లూ బయటపడతాయి.

ఇక పాఠాలు. బి.ఏ., బి.కాం., బి.ఎస్సీ.లతో పాటు లైబ్రరీ సైన్సు, బి.ఎడ్., ఎం.ఏ.లు, ఎం.బి.ఏ., పరిశోధన దాకా ఈ విశ్వవిద్యాలయం విస్తరించింది. డిగ్రీ పాఠాల్ని తెలుగులో రాయించి అచ్చేసింది. గ్రూప్స్ పరీక్షలకు తయారయ్యే పిల్లలు ఇవాళ్టికీ ఈ పుస్తకాల కోసం కోఠిలో పాత పుస్తకాల షాపులు వెతుకుతారు. అయితే ఏ తెలుగు? 'క్షీణోపాంత ప్రయోజన సూత్రం' అంటే ఎవరికి అర్థమవుతుంది? ఆకలిగొన్న మనిషికి మొదటి ముద్ద ఇచ్చిన తృప్తి పదో ముద్ద ఇవ్వదు, అంతే కదా దానర్థం! ముద్ద సంగతి మనకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. ఆ తెలిసిన సంగతినే తెలియని భాషలోకి మార్చి మన చేతికిస్తే, తెలుగు మీడియం కూడా మరో ఇంగ్లీషు మీడియమే అవుతుంది. ఈ తప్పు ఒక్క ఈ విశ్వవిద్యాలయానిదే కాదు, మొత్తం తెలుగు పాఠ్యపుస్తకాల పరిభాషది. కాని గురువు పక్కన లేకుండా, పుస్తకమే గురువుగా చదివేవాడికి ఆ దెబ్బ ఎక్కువ తగుల్తుంది.

పేరు సంగతికొద్దాం. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. పేరు మార్పు కూడా ఆ ఏడాదిదే. అంబేద్కర్ శతజయంతి కాలం అది. ఈ రెండింటినీ ముడిపెట్టి ఆరోపణ చేయడం మా ఉద్దేశం కాదు. ప్రాణానికి రక్షణ లేని ఏడాదే బోర్డు మీద గౌరవం దొరికిందన్న సంగతి మాత్రం మర్చిపోలేం.

అంబేద్కర్ తానే కాలేజీలు పెట్టినవాడు. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ పెట్టి, ఉద్యోగాలు చేసుకునే పిల్లల కోసం ఉదయంపూట క్లాసులు నడిపించాడు. అంటే పనిచేస్తూ చదువుకోవడం ఆయన ఆలోచనలోనే ఉంది. ఆ మేరకు ఓపెన్ యూనివర్సిటీ ఆయన వారసురాలే. అయితే 1950లో ఔరంగాబాద్‌లో మిళింద్ కాలేజీ మొదలుపెట్టినప్పుడు హాస్టళ్లు కూడా కావాలన్నాడు. కొలంబియాలో, లండన్‌లో లైబ్రరీల్లో పొద్దుపోయేదాకా కూర్చున్న మనిషికి తెలుసు: చదువంటే పుస్తకం ఒక్కటే కాదు, పక్కన కూర్చుని వాదించే మనిషి, పొద్దుగూకినా ఆరని దీపం, అన్నం దొరికే మెస్సు.

క్యాంపస్ దొరికితే దూరం పోతుందా అంటే, అదీ లేదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అయిదుగురు దళిత పరిశోధకుల్ని హాస్టల్ నుంచి గెంటేస్తే, వాళ్లు క్యాంపస్‌లోనే వెలివాడ కట్టుకున్నారు. అందులో ఒకడైన రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయాడు. దూరాన్ని గేటు లోపల కూడా తయారుచేస్తారు.

అందుకే మా విమర్శ ఓపెన్ యూనివర్సిటీ మూసెయ్యమని కాదు, సగంలో ఆపొద్దని. దీని స్టడీ సెంటర్లు ఎక్కువగా వేరే కాలేజీల గదుల్లోనే నడుస్తాయి. క్లాసులు ఆదివారాలు, సెలవు రోజులు. సోమవారం నుంచి ఆ బెంచీలు వేరేవాళ్లవి, లైబ్రరీ వేరేవాళ్లది. జిల్లాకొక హాస్టల్, సాయంత్రాలు తెరిచి ఉండే రీడింగ్ రూం, కూలి పోగొట్టుకుని వచ్చేవాళ్లకు ఆ రోజు కూలి అడుగుదాం. కూలి ఎందుకని అడిగేవాళ్లు, ఒక్క ఆదివారం స్టడీ సెంటర్ గేటు దగ్గర నిలబడి, క్లాసు మధ్యలో లేచి బస్సు కోసం పరుగెత్తేవాళ్లను లెక్కపెట్టుకోవచ్చు.