పొడీ పాకమూ

సుమతీ శతకం ప్రకారం పుట్టలు పెట్టేది చీమలు. వాటి కష్టం పాముపాలైనట్టే పామరుడు కూడబెట్టిన బంగారం రాజులపాలవుతుందని అక్కడ నీతి. వేమన మాత్రం తల్లిదండ్రుల మీద దయలేని కొడుకును పుట్టలో పుట్టి గిట్టే చెదపురుగుతో పోల్చాడు. నీతిని అటుంచి పురుగు సంగతే చూస్తే మార్కులు వేమనకే. కర్నూలు, కడప చేలగట్ల మీద లేచే మట్టిపుట్ట చెదలదే. తొలకరికి అందులోంచి ఉసుళ్లు లేస్తాయి. చీమ కాపురం నేల లోపల. పైకి కనిపించేది ఒక కన్నం, దాని చుట్టూ గిన్నె అంచులా సన్నమట్టి. గింజలేరే జాతైతే కాస్త పొట్టు కూడా.

ఈ తేడా పద్యానికి అక్కర్లేదు గానీ, మందు డబ్బా పట్టుకుని పెరట్లో నిలబడ్డవాడికి కావాలి. చెదలను తినే వాటిలో చీమలు ముందుంటాయి. చీమ అన్నది లేకుండా తుడిచేస్తే ద్వారబంధాలకు కాపలా తీసేసుకున్నట్టే.

మా ఇళ్లలో చీమల మందుకు రెండు సంప్రదాయాలున్నాయి. కర్నూలు వైపు పెదనాన్నది పొడి, కడపలో చిన్నమ్మది పాకం. పెదనాన్న తరానికి చీమల మందంటే గమాక్సినే, అంటే బి.హెచ్‌.సి. పొడి. బూజు వాసన కొట్టే ఆ పొడిని చేనికి తెచ్చి, మిగిలింది వాకిట్లో చల్లేవాళ్లు. ఆ బి.హెచ్‌.సి.ని 1997లో నిషేధించారు. అందులోని అసలు సరుకు లిండేన్ వాడకానికి 2013లో గానీ తెర పడలేదు. ఇప్పటి పొడుల్లో, సుద్దముక్కల్లో రసాయనాలు మారాయి, ఆలోచన మారలేదు: బారు కనిపిస్తే చల్లు. కాసేపటికి వాకిలంతా నల్లటి చుక్కలు. పెదనాన్నకు తృప్తి అక్కడే, నా పేచీ కూడా అక్కడే. బారులో తిరిగేవి కూలిచీమలు, అవి కూడా కొన్నే. గుడ్లు పెట్టే రాణి ఎండ మొహం చూడదు. మనది పొడినేల కాబట్టి తేమ కోసం కాపురం ఇంకా లోతుకు దిగుతుంది. సలసల కాగే నీళ్లు పోసినా అంత లోతుకు చేరేలోపు చల్లారిపోతాయి.

చిన్నమ్మ పలచటి బెల్లంపాకంలో బోరిక్ పౌడర్ కలుపుతుంది, క్యారమ్స్ బోర్డు మీద చల్లుకునే రకమే. నూటికి ఒక పాలు, అంతే. దూది ముంచి సీసామూతలో పెట్టి, పిల్లలకూ కోళ్లకూ అందకుండా, చీమల దారిలో కుండపెంకు కింద ఉంచుతుంది. మొదటిరోజు చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. చీమలు రెట్టింపవుతాయి మరి! కానీ చీమ తాగిన పాకం దాని ఒక్కదాని కడుపుకే కాదు. లోపలికి వెళ్లి నోటితో ఇంకో చీమకు అందిస్తుంది, అది పిల్లపురుగులకు, చివరికి రాణికి. మందు ఘాటైతే మోసే చీమ దారిలోనే చస్తుంది. 'ఇంకో చెంచా వేస్తే తొందరగా పోతాయి కదమ్మా' అన్న పెదనాన్న సలహా చెల్లనిది అందుకే. ఇది ఒక పూటలో తేలే పని కాదు, రోజులు పడుతుంది. పెదనాన్నకు అంత ఓపిక ఎప్పుడూ లేదు.

అలాగని పాకాన్నీ నెత్తిన పెట్టుకోలేను. గింజలు, నూనె సరుకు మోసే చీమలు బెల్లాన్ని పెద్దగా పట్టించుకోవు. నిమ్మచెట్టెక్కే బారుకైతే రెండూ దండగే. అవి వెళ్లేది లేతకొమ్మల మీది పేనుబంక, పిండినల్లి విడిచే తీపిజిగురు కోసం. వేపనూనె కొట్టి ఆ పురుగులను వదిలిస్తే చీమలకు అక్కడ పనుండదు.

వాకిలిని బట్టి కూడా తీర్పు మారుతుంది. పెదనాన్నది సానిపి చల్లే మట్టివాకిలి. కన్నం కంటికి కనిపిస్తుంది, పొడి కనీసం దాని నోట్లో పడుతుంది. చిన్నమ్మ ముంగిలంతా కడప బండల పరుపు. చీమలు బండ కింది చల్లటి మట్టిలో ఉండి ఏ సందులోంచైనా పైకొస్తాయి. ఒక సందు సిమెంటుతో పూడిస్తే మర్నాడు పక్క సందు. అక్కడ పొడి చల్లడమంటే ఊరంతా గాలించినట్టు.

మా అవ్వ పండగలకు బియ్యప్పిండితో ముగ్గేసేది, చీమలకింత పెట్టినట్టూ అవుతుందని. ఇప్పుడు అన్ని పూటలా రాతిపొడే. మంగంపేట గనుల బెరైటీస్‌కు మనవాళ్లు పెట్టిన పేరు ముగ్గురాయి. రాతిముగ్గులో చీమకు దక్కేదేమీ లేదు. పెదనాన్న వాకిట్లో ఆ తెల్లగీతల పక్కనే మందుపొడి గీత ఇంకొకటి ఉంటుంది. తెల్లవారుజామున చూస్తే ఏది ముగ్గో ఏది మందో నాకే తెలియదు, ఇక కోళ్లకేం తెలుస్తుంది?