పలకల ఊరిలో వినికిడి విద్య

పలకను వేలికణుపుతో తట్టి చూచినచో బీటలేనిది ఖణేలుమనును. కంటికి కానరాని బీట గలది మొద్దుగా పలుకును. కుండ కొనునపుడు మన ఇల్లాండ్రు చేయు పరీక్షయు నిదియే. పలకలకు పేరొందిన మార్కాపురమునను, అచ్చటినుండి కంభము, గిద్దలూరు దిక్కులకు సాగు రహదారి వెంటనున్న మెకానిక్కు షెడ్లలోను ఈ తట్టి వినుట యను విద్య మఱియొక రూపమున బ్రదుకుచున్నది. ఇనుపపెట్టెలోని రోగమును పెట్టె తెఱవకయే వినికిడి చేత నిర్ణయించు ఆ విద్యకు గ్రంథము లేదు; మేస్త్రీ ప్రక్కన నిలిచి, నూనెచేతులతో స్పానర్లందించుచు, ఏండ్ల తరబడి చెవియొగ్గిన కుఱ్ఱవానికి మాత్రమే అది పట్టువడును.

“బండి టకటకమంటోంది” అని వచ్చినవాని యెదుట మంచి మేస్త్రీ వెంటనే స్పానరు పట్టడు. “పొద్దన్నే స్టార్టు జేసినప్పుడు కొడతాందా, వేడెక్కినాకనా అన్నా?” అని యడుగును. పిదప ఆయిలు కడ్డీ తీసి చూచును. ఆయిలు తక్కువైనను, పలుచనై సత్తువ తప్పినను, వాల్వులను నడపు భాగములు పొడివడి కొట్టుకొనుట సహజము. ఇంజను నంతయు విప్పదలచిన పని యొక లీటరు ఆయిలుతో తీరిపోవుటయు కలదు.

ఆయిలు సరిగానున్నను చప్పుడు మానకున్నచో, అప్పుడు దాని లయను పట్టవలయును. క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరుగునప్పటికి వాల్వుల నెత్తు క్యాముషాఫ్టు ఒక్క చుట్టే తిరుగును. కావున ఇంజను నిమిషమునకు 800 చుట్లతో నిలకడగా తిరుగుచున్నపుడు ఒక్కొక్క వాల్వు 400 మార్లు తెఱచుకొనును. ఇంజను వేగములో సగము లెక్కన, పైభాగమునుండి తేలికగా వినవచ్చు టకటక వాల్వును నెట్టు ట్యాపెట్టుది. క్రిందినుండి, చుట్టు చుట్టుకును బరువుగా గ్రుద్దునది పిస్టనును క్రాంకుషాఫ్టుకు కలుపు రాడ్డు బేరింగు. మొదటిదానితో మెల్లగా ఊరు చేరవచ్చును. రెండవదానితో అడుగు కదల్పరాదు. ఈ రెంటికిని గల తారతమ్య మెఱుగుటయే ఈ విద్యలో ముప్పాతిక పాలు.

చోటును పట్టుటకు వారి సాధనము పొడవాటి స్క్రూడ్రైవరు. దాని మొనను ఇంజనుపై నాన్చి, పిడిని చెవి ప్రక్కటి యెముకకు చేర్చినచో, ఆ యినుప కడ్డీ తక్కిన సందడిని వెలుపల విడిచి తాను తాకిన చోటి చప్పుడునే మోసికొని వచ్చును. 1816లో పారిస్ నగరమున లెనెక్ అను వైద్యుడు కాగితమును గొట్టముగా చుట్టి రోగి గుండెను విన్నాడు. స్టెతస్కోపు పుట్టుక అది. మన షెడ్లలోని కడ్డీయు ఆ కోవలోనిదే. ఫ్యాను తిరుగుచుండగా వ్రేలాడు తువాలుతో ఈ పనికి వంగరాదని మాత్రము కుఱ్ఱవానికి మొదటినాడే చెప్పుదురు.

చెవి యూహించినదానిని చేయి నిరూపింపవలయును. వాల్వుల మూత తీసి, ఇంజను మెల్లగా తిరుగుచుండగా, రాకరుకును వాల్వు కాడకును నడుమ పలుచని ఫీలరు గేజి రేకును ఒక్కొక్కచోట దూర్చినచో, ఎచ్చట చప్పుడణగునో ఆ ట్యాపెట్టే దోషి. పాత పెట్రోలు బండిలో ఒక్కొక్క ప్లగ్గు తీగను తొలగించియు, పాత డీజిలు జీపులలో, లారీలలో ఇంజెక్టరు పైపు నట్టును కొంచెము వదులుచేసియు చూతురు. ఆ సిలిండరులో మంట ఆగగానే చప్పుడు తగ్గినచో దోషము దాని పిస్టనులోనో రాడ్డులోనో యుండును. మాఱకున్నచో వాల్వుల వైపే. కాని నేటి కామన్‌రైలు డీజిలు బండ్లలో పైపులోని ఒత్తిడి 1000 బార్లు దాటవచ్చును. ఆ నట్టు వదల్చినచో చిమ్మిన డీజిలు చర్మములోనికి చొచ్చుకొనిపోవును. అచ్చట పాతవిద్యను ప్రయోగించుట నేర్పు కాదు, మూర్ఖత.

ట్యాపెట్టు వేషము వేసికొని వచ్చు చప్పుళ్లును కొన్ని కలవు. సైలెన్సరు గొట్టము ఇంజనుతో కలియు చోట గాస్కెట్టు కాలినచో పొగ టపటపమని తప్పించుకొనును. ఇనుము వేడెక్కి వ్యాకోచింపగానే సందు మూసికొని చప్పుడు మాయమగును, మసిమరక మాత్రము సాక్ష్యముగా మిగులును. ప్లగ్గు తీగ చిట్లి టకటకమన్నచో, చీకటిలో బానెట్టు ఎత్తి చూచినంత నీలిరవ్వ కంటబడును.

ఈ ప్రాంతపు మేస్త్రీలకు ప్రకృతియే యొక పరీక్షాశాల నమర్చినది. గిద్దలూరు నుండి దిగువమెట్ట మీదుగా నంద్యాలకును, దోర్నాలనుండి శ్రీశైలమునకును నల్లమలను దాటు కనుమదారులలో ఇంజనుపై బరువు పడును. ట్యాపెట్టు బరువును లెక్కచేయదు, వేగమునే అనుసరించును. గాస్కెట్టు కారుట కనుమ నెక్కునపుడు బిగ్గరయగును. అరిగిన రాడ్డు బేరింగు యాక్సిలేటరుపై కాలెత్తి మరల త్రొక్కినపుడు తన్ను తాను వెల్లడించుకొనును.

ఈ విద్యలో నన్ను మిక్కిలి ఆకర్షించినది వేఱొకటి. చప్పుడును పూర్తిగా అణచుటకై ట్యాపెట్టును బిగించివేయు వాడు మేస్త్రీ కాడు. ఎగ్జాస్టు వాల్వు తన వేడిని ముఖ్యముగా తాను కూర్చుండు పీటకు అప్పగించియే చల్లబడును. సందు లేకుండ బిగించినచో అది పీటపై పూర్తిగా కూర్చుండలేక కాలిపోవును. అందుచే అల్పముగా పలుకు ట్యాపెట్టు కంటె పూర్తిగా నోరు మూసికొన్న ట్యాపెట్టే భయంకరము. 2014లో తయారీ నిలిచిన అంబాసిడరు వంటి ఎనిమిది వాల్వుల ఇంజనులో, సందు సరిచూచుటకు తొమ్మిది లెక్క యొకటి కలదు: 8వ వాల్వు పూర్తిగా తెఱచియున్నపుడు 1వదానిని, 6వది తెఱచియున్నపుడు 3వదానిని కొలువవలయును, రెండంకెల మొత్తము ఎప్పుడును తొమ్మిదియే.

నేటి షెడ్లలో స్కానరు వచ్చినది, మంచిదే. కాని సెన్సర్ల తప్పులు చెప్పు ఆ యంత్రము, అరిగిన రాకరు టకటకలాడుచున్నను, పలుమార్లు ఏ కోడును చూపదు.

చదువరులకు ఒక్క మాట. బరువైన గ్రుద్దుడు వినవచ్చి, ఆయిలు దీపము కూడ వెలిగినచో, ఇంజనును అక్కడనే ఆపివేయుడు. కంభము వరకైన నడిపి చూతమనుకొనక, బండిని మఱియొక బండికి కట్టించి తెచ్చుకొనుడు.