అడుగు సీసా వేప్: ఎంపికకు ముందు తెలియాల్సినవి

ఈ-సిగరెట్లలో అడుగు నుంచి ద్రవం అందే రకం ఒకటుంది. వాడేవాళ్ళ మాటలో దాని పేరు స్క్వాంకర్. అరచేతిలో ఇమిడే పెట్టెలో ఒక పక్క బ్యాటరీ, దాని పక్కనే మెత్తటి సిలికోన్ సీసా ఉంటాయి. పెట్టె నెత్తిన ఆవిరి పుట్టించే చిన్న గిన్నె, అంటే అటమైజర్, మరతో బిగుసుకుని ఉంటుంది. సీసాను వేలితో నొక్కితే అందులోని ద్రవం సన్నటి గొట్టం వెంట పైకెక్కి, అటమైజర్ అడుగున ఉన్న బోలు పిన్ను గుండా లోపలికి చేరి, తీగచుట్ట మధ్యలో దూర్చిన దూది ఒత్తిని తడుపుతుంది. వేలు తీయగానే సీసా తిరిగి ఉబ్బుతూ, ఒత్తి పీల్చుకోగా మిగిలిన ద్రవాన్ని వెనక్కి లాగేసుకుంటుంది. మీట నొక్కినప్పుడు తీగ వేడెక్కి, ఒత్తిలోని ద్రవం ఆవిరిగా లేస్తుంది. నిర్మాణం ఇంత సాదాగా కనిపిస్తుంది గనుకనే, దీని ఎంపికలోనూ వాడకంలోనూ ఉన్న చిక్కులు పైపైన చూసేవారికి తెలియవు.

భారతదేశంలో 2019 నుంచి ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం నిషిద్ధం. అయినా కడప జిల్లాలో ఈ విషయం మాట్లాడుకోవడానికి కారణం ఉంది. ఈ జిల్లా నుంచి దశాబ్దాలుగా కువైట్‌కూ ఇతర గల్ఫ్ దేశాలకూ పనికి పోతున్నారు. చదువుకో ఉద్యోగానికో అమెరికాకూ బ్రిటన్‌కూ వెళ్ళిన పిల్లలు లేని వీధి ప్రొద్దుటూరులో గానీ, జమ్మలమడుగులో గానీ, పులివెందులలో గానీ అరుదు. వాళ్ళలో చాలామంది ఉంటున్న దేశాల్లో ఈ పరికరం అంగడిలో చట్టబద్ధంగానే దొరుకుతుంది. అక్కడ కొనేవారికైనా, ఇక్కడికి తేవాలని తలపోసేవారికైనా సగం తెలివే ప్రమాదం. దీనిలో తీగ ఏమిటో, ఒత్తి ఏమిటో, బ్యాటరీ ఏమిటో, ద్రవం ఏమిటో, చట్టం ఏమిటో, అసలు దీనితో తీరాల్సిన అవసరం ఏమిటో తెలిసినప్పుడే ఎంపిక అన్న మాటకు అర్థం ఉంటుంది.

పొగాకు కాల్చకుండా వేడి ఆవిరిని పీల్చే పరికరానికి అమెరికాకు చెందిన హెర్బర్ట్ గిల్బర్ట్ 1963లో దరఖాస్తు చేసి 1965లో పేటెంటు పొందాడు గానీ, అది అంగడికి చేరలేదు. ఇప్పటి ఈ-సిగరెట్టుకు రూపమిచ్చినవాడు చైనా ఫార్మసిస్టు హాన్ లిక్; ఆయన 2003లో రూపొందించిన పరికరం ఆ మరుసటి ఏడాదికి అమ్మకానికి వచ్చింది. తర్వాత కొందరు ఒత్తిపై ద్రవాన్ని చుక్కచుక్కగా వేసుకుని పీల్చే పద్ధతి పట్టారు. దానివల్ల రుచి బాగా తెలుస్తుందని వారి మాట. అయితే నాలుగైదు దమ్ములకొకసారి మూత తీసి చుక్కలు వేయాలి, జేబులో వేరే సీసా మోయాలి, నడుస్తూ ఆ పని చేయడం కుదరదు. ఈ ఇబ్బందిని తప్పించడానికే సీసాను పెట్టెలోకి చేర్చి అడుగు నుంచి ద్రవం అందించే ఏర్పాటు పుట్టింది.

ఈ పరికరానికి ప్రాణం ఒత్తి, తీగచుట్ట. తీగ సాధారణంగా ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన కాంథాల్ అనే మిశ్రలోహం గానీ, నికెల్-క్రోమియం కలిసిన నిక్రోమ్ గానీ, స్టెయిన్‌లెస్ స్టీలు గానీ అయి ఉంటుంది. దాన్ని రెండు మూడు మిల్లీమీటర్ల కడ్డీకి ఐదారు చుట్లు చుట్టి, రెండు కొనలనూ అటమైజర్ స్తంభాలకు మరలతో బిగిస్తారు. ఒత్తి పెట్టకముందే తక్కువ శక్తితో తీగను క్షణం పాటు వెలిగించి చూడాలి. చుట్ట నడుమ మొదట ఎర్రబడి ఆ ఎరుపు రెండు వైపులకూ సమంగా పాకితే చుట్ట కుదిరినట్టు, ఒక పక్కనే మండుతూ ఉంటే చుట్లు సరిగా కూడలేదన్నట్టు. కమ్మచ్చులో తీగ లాగే ప్రొద్దుటూరు కంసాలి, లోహం రంగును బట్టి వేడిని అంచనా కట్టినట్టే, ఇక్కడ కూడా కన్నే కొలబద్ద. ఆ తర్వాత దూదిని చుట్టలో దూర్చేటప్పుడు అది తీగను తాకుతూ, లాగితే కొద్దిపాటి పట్టుతో కదలాలి. మరీ బిగువైతే ద్రవం ఎక్కదు, దూది మాడుతుంది. మరీ వదులైతే తీగకూ దూదికీ నడుమ ఖాళీ మిగిలి వేడి ద్రవం నోట్లోకి చిమ్ముతుంది. ఒత్తి రెండు కొసలూ గిన్నె అడుగును ఆనాలి గానీ, అడుగున ద్రవం వచ్చే రంధ్రాన్ని మూసేయకూడదు.

పత్తి వ్యాపారానికి పేరుపడ్డ ప్రొద్దుటూరులో ఈ దూది గుణం విప్పి చెప్పనక్కర్లేదనిపించినా, ఒక సంగతి గమనించదగ్గది. గింజ తీసిన పచ్చి పత్తి నీటిలో వేస్తే వెంటనే తడవదు, ఎందుకంటే దాని పోగు మీద సహజమైన మైనపు పూత ఉంటుంది. క్షారంతో ఉడికించి ఆ పూతను తీసిన తర్వాతనే అది ద్రవాన్ని చప్పున పీలుస్తుంది. పోగుల నడుమ సన్నటి సందుల్లో ద్రవం తనంతట తాను ఎగబాకే ఈ గుణాన్ని భౌతికశాస్త్రం కేశనాళికీయత అంటుంది. ఒత్తి తడిగా ఉన్నంతసేపూ తీగ వేడి ద్రవాన్ని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది గనుక దూది మాడదు. ద్రవం తరిగిందో, వేడి ఒక్కసారిగా పెరిగి దూది కమురుతుంది, ద్రవంలోని రసాయనాలు విరిగి ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ వంటి విషపదార్థాలు పుడతాయి. అడుగు సీసా పరికరంలో ద్రవం ఎప్పుడు అందించాలన్నది వాడేవాడి వేలి మీదే ఆధారపడి ఉంది. ఆలస్యమైతే ఒత్తి మాడుతుంది; అదే పనిగా పిండితే ద్రవం గాలి రంధ్రాల గుండా పొంగి చేతికి అంటుకుంటుంది, నికోటిన్ చర్మం గుండా కూడా ఒంటికి ఎక్కుతుంది. అందువల్లనే గాలి రంధ్రాలు గిన్నె అడుగున కాక పక్కన ఎత్తులో ఉన్న అటమైజర్‌ను, పిండి వదిలాక మిగులును పూర్తిగా వెనక్కి లాగుకునే సీసాను వెతకమని అనుభవజ్ఞులు చెబుతారు.

తర్వాతిది బ్యాటరీ; ప్రాణాపాయం ఉన్నది ఇక్కడే. ఇందులో ఎక్కువగా వాడేది 18650 అనే లిథియం-అయాన్ సెల్లు; ఆ అంకెలు 18 మిల్లీమీటర్ల వ్యాసాన్నీ 65 మిల్లీమీటర్ల పొడవునూ తెలుపుతాయి. నిండుగా చార్జి చేసినప్పుడు దాని వోల్టేజి 4.2 వోల్టులు. పులివెందుల జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాలలోనో, ప్రొద్దుటూరులోని యోగి వేమన విశ్వవిద్యాలయపు ఇంజనీరింగ్ కళాశాలలోనో చదివే విద్యార్థికి చిన్నప్పుడే నేర్పిన ఓమ్ నియమం ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది: వోల్టేజిని నిరోధంతో భాగిస్తే ప్రవాహం తెలుస్తుంది. తీగచుట్ట నిరోధం 0.5 ఓమ్‌లు ఉంటే సెల్లు నుంచి 8.4 ఆంపియర్లు ప్రవహిస్తాయి, అదే 0.15 ఓమ్‌లకు దిగితే 28 ఆంపియర్లు. సెల్లు భరించగలిగేది 20 ఆంపియర్లే అయితే రెండో లెక్క దాన్ని మండించే లెక్క. సర్క్యూటు ఉన్న పరికరం నిరోధాన్ని తానే కొలిచి, హద్దు దాటితే ఆగిపోతుంది. ఏ సర్క్యూటూ లేకుండా మీటకూ సెల్లుకూ నేరుగా తగిలే యాంత్రిక రకంలో ఆ కాపలా వాడేవాడి బుర్రే. అమెరికాలో 2018 మేలో ఫ్లోరిడాలో ఒకరు, 2019 జనవరిలో టెక్సస్‌లో మరొకరు వేప్ పరికరం పేలి మరణించారు. పై తొడుగు చిరిగిన సెల్లును వాడడం, విడి సెల్లును తాళంచెవులతో కలిపి జేబులో వేసుకోవడం, పాత ల్యాప్‌టాపు నుంచి తీసిన సెల్లును పెట్టడం వంటి పనులు ఏ దేశంలోనైనా నిప్పుతో చెలగాటమే.

ద్రవం విషయానికొస్తే, అందులో ప్రొపిలిన్ గ్లైకాల్, గ్లిజరిన్ అనే రెండు రంగులేని ద్రవాలు ప్రధానం. వాటికి సువాసనలు, చాలావాటికి నికోటిన్ కలుపుతారు. ప్రొపిలిన్ గ్లైకాల్ పలచన, 188 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. గ్లిజరిన్ చిక్కన, 290 డిగ్రీల దాకా వెళ్ళాలి. గ్లిజరిన్ ఎక్కువైతే ఆవిరి దట్టంగా వస్తుంది, కానీ సన్నని గొట్టంలో, బిగువైన ఒత్తిలో మెల్లగా ఎక్కుతుంది. నికోటిన్ గాఢతకు బ్రిటన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది, సీసా పరిమాణాన్ని 10 మిల్లీలీటర్లకు పరిమితం చేసింది. సీసాలోని ద్రవం తియ్యటి పండ్ల వాసన వేస్తుంది గనుక ఇంట్లో చంటిపిల్లలుంటే అది పురుగుమందు డబ్బాతో సమానమని ఎంచి అందకుండా దాచాలి. 2019లో అమెరికాను కుదిపిన, వేప్ వాడకంతో ముడిపడ్డ ఊపిరితిత్తుల జబ్బులో 2020 ఫిబ్రవరి 18 నాటికి ఆసుపత్రి పాలైనవారు, చనిపోయినవారు కలిసి 2,807 మంది; వారిలో 68 మంది చనిపోయారు. గంజాయి సారం కలిపిన దొంగసరుకులో చిక్కదనం కోసం వేసిన విటమిన్-ఇ అసిటేట్ అనే నూనెకు దానితో గట్టి సంబంధం తేలింది. లేబుల్ లేని సీసాలో ఏముందో కంటికి తెలియదన్నది ఆ దుర్ఘటన నేర్పిన పాఠం, చాటుమాటుగా అమ్మే చోట ఆ పాఠం మరింత వర్తిస్తుంది.

ఇక చట్టం. 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సుగా వచ్చి, అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు చట్టంగా మారిన ఈ-సిగరెట్ల నిషేధం, నికోటిన్ ఉన్నా లేకపోయినా ఏదైనా పదార్థాన్ని వేడిచేసి పీల్చడానికి ఆవిరి పుట్టించే ప్రతి ఎలక్ట్రానిక్ పరికరానికీ వర్తిస్తుంది. ఈ-హుక్కా కూడా అందులోనిదే. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటన అన్నీ నేరాలు. మొదటిసారికి ఏడాది వరకు జైలు గానీ, లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ. మళ్ళీ చేస్తే మూడేళ్ళ వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. నిల్వ ఉంచితే ఆరు నెలల వరకు జైలు గానీ, 50 వేల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ ఉంటాయి. దేశం బయటి నుంచి తేవడమే చట్టం దృష్టిలో దిగుమతి గనుక, గల్ఫ్ నుంచి తిరిగొచ్చేవారి సూట్‌కేసులో చాక్లెట్లతో పాటు వచ్చినా దాని స్వభావం మారదు. తమ్ముడికో బావమరిదికో ముచ్చటగా తెచ్చే కానుక వాళ్ళను పోలీసు స్టేషన్ మెట్లెక్కించే వస్తువు కాకూడదు.

అయితే ఈ పరికరం కోరేవారందరూ సరదా రాయుళ్ళు కారు. సిగరెట్టు, బీడీ వదలలేక దారి వెతికేవారూ ఉన్నారు, వాళ్ళ అవసరాన్ని చిన్నచూపు చూడడం అన్యాయం. బ్రిటన్‌లో 886 మందిపై జరిపి 2019లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఏడాది తర్వాత సిగరెట్టు మానినవారు ఈ-సిగరెట్టు వర్గంలో 18 శాతం, నికోటిన్ గమ్ము, ప్యాచీల వంటివి వాడిన వర్గంలో 9.9 శాతం. అదే పరిశోధనలో మానినవారిని మళ్ళీ చూస్తే, మొదటి వర్గంలో 80 శాతం మంది ఏడాది నిండాక కూడా ఆ పరికరాన్ని పట్టుకునే ఉన్నారు; రెండో వర్గంలో గమ్ము, ప్యాచీలను కొనసాగిస్తున్నవారు 9 శాతమే. పొగ పోయింది, అలవాటు నిలిచింది. పైగా అక్కడ ఆ పరికరంతో పాటు వారాల తరబడి సలహాదారుల తోడు కూడా ఉంది. ఆ తోడును పక్కనబెట్టి పరికరాన్ని మాత్రమే ఇక్కడికి తెస్తే ఆ ఫలితమే వస్తుందని చెప్పలేం. 2016-17 నాటి జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్ళలో పొగ తాగేవారు 10.7 శాతమైతే, నమిలే, ముక్కుతో పీల్చే పొగలేని పొగాకు వాడేవారు 21.4 శాతం. వక్కాకుతో పొగాకు కాడ నమిలే అవ్వకూ, గుట్కా పొట్లం చించే లారీ డ్రైవరుకూ ఆవిరి పరికరం దేనికీ పనికిరాదు.

వాళ్ళందరికీ అందుబాటులో ఉన్నవి వేరే ఉన్నాయి. సిగరెట్టు పెట్టె మీదే ముద్రించి ఉండే 1800-11-2356 నంబరు ఉచితం. ఫోను చేస్తే మానే తేదీని నిర్ణయించుకోవడం దగ్గర నుంచి తలనొప్పి, చిరాకు ఎదుర్కోవడం దాకా సలహా ఇస్తారు. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ము మందుల అంగట్లో చీటీ లేకుండానే దొరుకుతుంది. అంతకు మించిన మోతాదుకూ, బుప్రోపియాన్, వరెనిక్లిన్ వంటి మాత్రలకూ డాక్టరు చీటీ కావాలి. గమ్మును మామూలు చూయింగ్ గమ్ములా గబగబా నమలకూడదు. మెల్లగా నమిలి, నాలుక చుర్రుమనగానే చిగురుకూ బుగ్గకూ నడుమ ఒత్తిపెట్టి, ఆ చురుకు తగ్గాక మళ్ళీ నమలాలి. ఈ పద్ధతి తెలియకనే చాలామంది రెండు రోజులకే పనిచేయలేదని పారేస్తారు. ప్రొద్దుటూరు ప్రభుత్వ ఆసుపత్రిలోనో, లండన్ మిషన్ కాలం నుంచి నడుస్తున్న జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రిలోనో డాక్టరును అడిగి మోతాదు తెలుసుకోవడం ఒక్క పూట పని.

తీగ చుట్టడంలో, ఒత్తి అమర్చడంలో, ప్రవాహం లెక్క కట్టడంలో నిజమైన నైపుణ్యం ఉంది. చట్టం ఒప్పుకున్న దేశాల్లో నిష్ఠగా నేర్చుకున్నవారిని తప్పుపట్టనక్కర్లేదు. అక్కడున్న కడప జిల్లా వాళ్ళు సర్క్యూటు ఉన్న పెట్టెను, నమ్మకమైన సెల్లును, లేబుల్ ఉన్న ద్రవాన్ని ఎంచుకుని, సిగరెట్టును పూర్తిగా వదిలి, తర్వాత దీన్నీ వదిలే తేదీ రాసిపెట్టుకోవాలి. ఇంటికి బయలుదేరే నాడు దాన్ని అక్కడే విడిచి రావాలి. ఇక్కడున్నవారిలో ఎవరి దగ్గరైనా అలాంటిది ఇప్పటికే ఉంటే, చేతులు మార్చడానికో అమ్మడానికో ప్రయత్నించకుండా పోలీసు అధికారికి అప్పగించడం సరైన పని. ప్రొద్దుటూరులోనైనా, జమ్మలమడుగులోనైనా, పులివెందులలోనైనా పొగ మానాలనుకునేవారి ముందున్న ఎంపిక పరికరాల మధ్య లేదు. ఈ రోజే ఆ ఉచిత నంబరుకు ఫోను చేయడమా, మరో ఏడాది వాయిదా వేయడమా అన్నదాని మధ్య ఉంది. మొదటిది చేసి పొగ మానినవారికి ఆ ఏడాదిలోనే గుండె, ఊపిరితిత్తులు తేరుకోవడం మొదలవుతుంది.