చెడని దీవి

మా పూర్వవిద్యార్థి యొకడు, ఇప్పుడు పట్టణమున మంచి యుద్యోగములో నున్నవాడు, మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు బొమ్మలతో నిండిన చిన్నపుస్తక మొకటి మా చేతి కిచ్చెను. దక్షిణసముద్రమున నున్న తహితి దీవికి యాత్రికులను రప్పించుటకై అచ్చువేసిన ప్రకటన యది. నీలపు నీరు, కొబ్బరితోపులు, నీటిమీద గడ్డికప్పు కుటీరములు. పండ్లపళ్లెము పట్టుకొని నవ్వుచున్న పడుచు తప్ప మఱియొక మనుష్యుడు కానరాడు. “మాస్టారూ, ఇంటిదానితో పదిదినము లక్కడ గడిపి రావలెనని యున్నది. ఇంకను చెడని దీవులట” అని యతడనెను. పోవలదని మేమనలేదు. ఏడాది పొడవున చాకిరి చేసిన దంపతులు పదిదినములు సముద్రపుగాలి పీల్చుకొనుట తప్పెట్లగును? ఐనను ‘చెడని’ యనుమాట మా చెవిలో ముల్లువలె నిలిచెను. ఆ మాటను లోకమునకు నేర్పిన గ్రంథములలో నొకటియగు పాల్ గోగా ‘నోవా నోవా’ను ఇంగ్లీషు అనువాదమున మరల చదివితిమి.

గోగా గొప్ప చిత్రకారుడు. ఆ విషయమున మాకు వివాదము లేదు. యూరోపు నాగరికతయందు విసిగి, 1891లో తన చిత్రములను వేలము వేసి, ప్రభుత్వముచే నొక యధికారపత్రము గూడ పొంది, అతడు తహితికి ఓడ యెక్కెను. దిగినచోట కనబడినవి ఫ్రెంచి కచ్చేరీలు, క్రైస్తవ దేవాలయములు. ఇందాశ్చర్యమేమి? లండను మిషనరీలు 1797లోనే ఆ దీవిలో కాలుమోపిరి. ఫ్రెంచివారు 1842లో సంరక్షణ మనియు 1880లో స్వాధీన మనియు పేరు పెట్టి దేశమును గైకొనిరి. చెడని దీవిని వెదకవచ్చినవాడు నూరేండ్లు ఆలస్యముగా వచ్చెనన్నమాట. రాజధానిని విడిచి పల్లెకు పోయెను. అక్కడను దొరకనిదానిని పుస్తకమున కల్పించెను. ప్రాచీన దేవతల కథలను ఆ దేశపు చిన్నది రాత్రులందు తనకు చెప్పినట్లు వ్రాసెను గాని, అవి మోరెన్‌హూట్ అను బెల్జియమువాడు 1837లో ప్రకటించిన గ్రంథమునుండి ఎత్తినవని పండితులు తేల్చియున్నారు. చౌర్యము సంగతి యటుండనిండు. పుస్తకపుమాటలను ఆ చిన్నదాని నోట పెట్టుటచేత, ఆమె నిజముగా చెప్పినదేమో మన కెన్నటికిని వినరాకుండ పోయినది. మాకు కష్టముగా దోచినది ఇది.

ఆమె వయస్సు గ్రంథకర్త తానే చెప్పినాడు: సుమారు పదుమూడేండ్లు. అతడు నలువది దాటినవాడు. యూరోపులో భార్యయు బిడ్డలును గలవాడు. దారినపోవుచు ఒక యింట ఆతిథ్యము గొని, భార్యకొరకు వెదకుచున్నానని చెప్పి, ఆ పూటనే బాలికను వెంటబెట్టుకొని వచ్చెను. మన చదువరు లిచ్చట ఒక్క నిమిషము ఆగవలెను. ఇట్టి సంబంధములను వీరేశలింగము పంతులుగారి కాలమునుండి మనము నిందించుచునే యుంటిమి. 1929లో బాల్యవివాహములను నిరోధించు శాసనమే వచ్చినది. మన పొరుగింట జరిగినచో సిగ్గుపడదగినది కొబ్బరిచెట్ల నీడను స్వర్గమగునా? అది ఆ దేశపు ఆచారమని కొంద ఱందురు. ఆచారమను మాట మన సంస్కర్తలకు క్రొత్తది కాదు; ఆనాడు వారి కెదురుగా నిలువబెట్టినది ఆ మాటనే.

దుష్యంతుడు కణ్వాశ్రమమున ప్రవేశించుటకు ముందు ఆభరణములను, ధనుస్సును సారథి కప్పగించెను. అట్టి చోటికి పోవువాని కది తగిన మర్యాద. ఐనను ఆ మర్యాద శకుంతలను రక్షింపలేదు. రాజు వెడలిపోయెను, మఱచెను. కాని కాళిదాసు అతని నంతటితో విడువలేదు. ఉంగరము దొరకిన పిమ్మట ఆఱవ యంకమున పశ్చాత్తాపముతో కాల్చి, ఏడవ యంకమున భార్య పాదములపై పడవేసెను. గోగా గ్రంథాంతమున ఓడ కదలును, చిన్నది రేవున విచారముతో కూర్చుండును, గ్రంథము ముగియును. దీనికి ఆఱవ యంకము లేదు. ఎంత యందముగా వ్రాసినను గ్రంథమున కిది లోపమనియే మా యభిప్రాయము.

స్టీవెన్సను మార్గము వేరు. అతడు 1888లో ‘కాస్కో’ యను పడవపై మార్కెసాసు దీవులకు చేరెను. అచ్చట రోగములచే జనము నశించుచుండుట చూచి, చూచినది చూచినట్లు వ్రాసెను. తన స్కాట్లండు కొండజాతుల కథలను దీవివారికి చెప్పి, బదులుగా వారి కథలను చెప్పించుకొనెను. ఈ యిచ్చిపుచ్చుకొనుట మాకు మిక్కిలి నచ్చినది. ఆ రచనలు పత్రికలలో వచ్చినప్పుడు చదువరులు పెదవి విఱిచిరి. సాహసకథలు వ్రాయక ఈ విచారణ లెందులకని అతని భార్యయే చింతించెను. ‘ఇన్ ది సౌత్ సీస్’ అతడు పోయిన పిమ్మట 1896లో పుస్తకరూపము దాల్చెను. నిజమే, నడుమ నడుమ విసుగు పుట్టించును. ఐనను అందలి మనుష్యులకు పేర్లున్నవి, తగవులున్నవి, దుఃఖమున్నది.

మా విద్యార్థి యిచ్చిన ప్రకటనలో ఆ పడుచు పేరు లేదు. ఆ దీవుల పరిపాలనలోనే చేరిన మొరురోవా, ఫంగతౌఫా దీవులలో ఫ్రెంచివారు 1966 మొదలు 1996 వఱకు 193 అణ్వస్త్రపరీక్షలు జరిపిన సంగతియు లేదు. ఉండునని మేమెదురు చూడలేదు.

స్టీవెన్సను పుస్తకమును అతని చేతి కిచ్చి పంపితిమి. మొదట అతని భార్యయే దానిని చదువుచున్నదట. ప్రయాణము వేసవికి నిశ్చయించుకొన్నారు.