సైరంధ్రీప్రవాసము

ప్రవాసవిప్రలంభమునకు లక్షణము చెప్పిన యాలంకారికులు కార్యము, శాపము, సంభ్రమము నని దానికి మూఁడు హేతువులు గణించిరి. దశరూపకమునకును సాహిత్యదర్పణమునకును ఈ విషయమున భేదము లేదు. కార్యమనఁగా రాజసేవ, వాణిజ్యము మున్నగునవి; శాపమునకు మేఘసందేశములోని యక్షుఁడే చాలిన యుదాహరణము. హేతు వేదైనను బోవువాఁడు పురుషుఁడు, నిలుచునది స్త్రీ. అష్టవిధనాయికలలోఁ బ్రోషితభర్తృకకు లక్షణ మీ పునాదిమీఁదనే కట్టఁబడినది. భర్త దేశాంతరమునకుఁ బోఁగా నామె యేకవేణియై, గడపకడఁ బూవు లుంచి దినములు లెక్కించుచు నింట నుండవలెను. తెలుఁగు ప్రబంధకవులును సామాన్యముగా నీ మర్యాదను దాఁటలేదు.

ధర్మశాస్త్రము త్రోవయు నిదియే. కార్యార్థము పోవు పురుషుఁడు భార్యకు వృత్తి కల్పించి పోవలె ననియు, ధర్మమునకై పోయినవానికొఱ కెనిమిదేండ్లును, విద్యకో యశస్సునకో పోయినవానికొఱ కాఱేండ్లును, కామమునకై పోయినవానికొఱకు మూఁడేండ్లును భార్య వేచియుండవలె ననియు మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమునఁ గలదు. భార్యయే వృత్తికై పోయినచో భర్త యెన్నేండ్లు వేచియుండవలెనో యచ్చట లేదు.

వ్యాకరణమున కిట్టి నిర్బంధము లేదు. ప్రోషితుఁడైన భర్త గలది యను బహువ్రీహియందు ఋకారాంతమగు నుత్తరపదమునకు సమాసాంతమైన కప్ప్రత్యయము వచ్చి ప్రోషితభర్తృక యైనది. అట్లే ప్రోషితయైన భార్య గలవాఁ డను నర్థమునఁ బూర్వపదమునకుఁ బుంవద్భావమును, ఉత్తరపదమునకు హ్రస్వమును గలిగి ప్రోషితభార్యుఁ డను శబ్దము నిర్దుష్టముగా సిద్ధించును. శబ్దము సిద్ధమే, ప్రసిద్ధలక్షణగ్రంథములలో నాతని కథకుఁ జోటు లేకపోయెను. శ్రీరామునిఁ జూపి యాక్షేపింపవచ్చును గాని యది చెల్లదు. సీత పోలేదు, కొనిపోఁబడినది.

లక్షణగ్రంథములు విడిచిన యీ ప్రోషితభార్యుఁడు నెల్లూరుమండలపుఁ బడమటి మెట్టసీమలోఁ బెక్కూళ్లఁ గానవచ్చును. ఆ సీమ సాహిత్యమునకుఁ గ్రొత్త గాదు. నందిమల్లయ ఘంటసింగయలు ప్రబోధచంద్రోదయమును ఉదయగిరి మంత్రియగు గంగయామాత్యున కంకితము చేసిరి; దూబగుంట నారాయణకవి పంచతంత్రమును ఆ యుదయగిరి యాస్థానముతో సంబంధించినదే. 1514లోఁ గృష్ణదేవరాయలు దుర్గమును గైకొని యచ్చటి బాలకృష్ణవిగ్రహమును హంపికిఁ గొనిపోయి గుడి కట్టించెను. ఊరు విడిచి పోయిన యా బాలుని నెవ్వరును ప్రవేశానుజ్ఞ యడుగలేదు. నేఁ డా సీమనుండి పోవుచున్నవారు తల్లులు. ఉదయగిరి కొండక్రింది యూళ్లనుండియు, సోమశిలకు దాపుననున్న యాత్మకూరు పరిసరములనుండియు (కర్నూలువైపు నున్న యాత్మకూరు వేఱు) స్త్రీలు కువైటునకు గృహసేవకుఁ బోవుచున్నారు. పొరుగుననున్న కడపసీమదియు నిదే త్రోవ. వానను నమ్మిన మెట్టచేను, బోరుబావి యప్పు, పెండ్లి యప్పు: కారణముల నింతకుమించి విస్తరింప నక్కఱలేదు. భర్త యింట నుండును. బిడ్డలు అవ్వ యొద్దనో యమ్మమ్మ యొద్దనో పెరుఁగుదురు.

ఈ స్త్రీ భర్తను గాని బిడ్డలను గాని తనకడకుఁ బిలిపించుకొనఁజాలదు. కువైటున వలసవచ్చినవారి నివాసాధికారము లధికరణసంఖ్యలచే వ్యవహరింపఁబడును. ప్రైవేటు కొలువువారిది 18, ఇంటిపనివారిది 20, కుటుంబముగా వచ్చి చేరువారిది 22. మెట్టసీమలో వలసపోవువారి నోట నీ సంఖ్యలు శబ్దము లైనవి. ఇరువది నంబరు వీసా యన్నఁ జాలును, వ్యాఖ్యాన మక్కఱలేదు. 18 గలవాఁడు జీతము చాలినయెడ భార్యాబిడ్డలకు 22 సంపాదింపవచ్చును. 20 గలవారి కా మార్గము లేదు. ఆ జీతపు హద్దు 2016లో 450 దీనార్లు, 2019లో 500 దీనార్లు. 2022లోఁ గుటుంబానుజ్ఞ లాఁపివేయఁబడి 2024 జనవరిలో మరలఁ దెఱవఁబడినప్పుడు హద్దు 800 దీనార్లకుఁ బెంచఁబడెను. విశ్వవిద్యాలయపట్టమును గావలె ననిరి గాని యా నియమ మదే యేఁడు జూలైలో సడలింపఁబడినది. ఇంటిపనివారికి 2016లో నిర్ణయించిన కనీసవేతనము 60 దీనార్లు. మొదటిది రెండవదానికిఁ బదుమూఁడింతలకు మించినది.

ఈ హద్దులోని భావమును శబ్దశాస్త్ర మెఱిఁగినవారు సులభముగా గుర్తింపఁగలరు. భర్త, భార్య, భృత్యుఁడు నను మూఁడు శబ్దములును భరణార్థకమైన భృధాతువునఁ బుట్టినవే. భరించువాఁడు భర్త, భరింపఁబడవలసినది భార్య, భరింపఁబడవలసినవాఁడే భృత్యుఁడును. చివరి రెంటికి నవయవార్థ మొక్కటియే. సంజ్ఞ కానిచోఁ గ్యప్పు వచ్చునని పాణిని విధింపఁగా భృత్యశబ్దము తుగాగమముతో నేర్పడినది. భార్యాశబ్దము ణ్యత్తుచే వృద్ధి నందినది. ఇల్లాలి పేరైన యీ శబ్దమును సాధించుటకు వైయాకరణులు పడిన శ్రమ సిద్ధాంతకౌముది చదివినవా రెఱుఁగుదురు. ధాతువులనే పంచి, యొకదానిని గ్యప్పునకును మఱియొకదానిని ణ్యత్తునకును విడిచి సమాధానము చెప్పవలసివచ్చెను. భృత్యునియందు యోగార్థము మేల్కొనియుండును. భార్యయందు నది నిద్రించును. భార్య యన్నప్పు డెవ్వరును గూడుగుడ్డలను స్మరింపరు. కుటుంబానుజ్ఞ నిచ్చు శాసనము నిద్రించుచున్న యా యర్థమును లేపినది. ఇన్ని దీనార్లతో భరింపఁగలవాఁడే భర్త, అంతటి భరణమునకు నోఁచుకొన్నదే భార్య యని దాని తాత్పర్యము.

ఇప్పు డుదయగిరి స్త్రీని జూడవలెను. కువైటున నామె భృత్య, ఇంటికిఁ బంపు ధనముచే భర్త్రి, వివాహముచే భార్య. మూఁడు శబ్దములు నొక్క వ్యక్తియందు సామానాధికరణ్యము నందినవి. శాసనము మొదటి శబ్దమును మాత్రమే చదివి పుస్తకము మూసినది.

స్వదేశనియమమును నొక చిత్రము చేసినది. 1983 నాఁటి వలసచట్టము ననుసరించి వచ్చిన నిబంధనలలో, పదవతరగతి యుత్తీర్ణురాలు గాని స్త్రీ ముప్పదియేండ్లు నిండక గల్ఫుదేశములకు గృహసేవకుఁ బోరాదని యొకటి. రక్షణకొఱకుఁ జేసినదే. కాని మెట్టసీమలో ముప్పదియేండ్లు నిండిన స్త్రీ సామాన్యముగా బడికిఁ బోవు బిడ్డల తల్లి. రక్షణమునకై గీచిన గీఁత తల్లులనే యేఱి పంపినది.

అన్ని కాలముల శాసనములును నొక తీరుగా లేవు. 19వ శతాబ్దమున మారిషసు, కరిబియను దీవుల చెఱకుతోఁటలకుఁ గూలీల నంపునప్పుడు నూర్గురు పురుషులకు నలువదిమంది స్త్రీలు పోవలెనని ప్రభుత్వము నిర్బంధించెను. 1913లో దక్షిణాఫ్రికాలోని కేపు న్యాయస్థానమున, భర్తకడకు వచ్చిన యొక భారతీయస్త్రీ వ్యవహారములో సెర్లు న్యాయమూర్తి, బహుభార్యాత్వము నంగీకరించు మతముల వివాహము వివాహముగాఁ జెల్లదని తీర్పు చెప్పెను. ఒక్క పంక్తిలో వేలకొలఁది యిల్లాండ్రకు భార్యాశబ్దము తొలఁగిపోయినది. స్త్రీలును సత్యాగ్రహమునఁ జేరి చెఱకుఁ బోయినపిదప, 1914 నాఁటి చట్టముతోఁ గాని యా శబ్దము వారికి మరల రాలేదు. మొన్న 2024 మార్చి 11 నుండి బ్రిటను, వృద్ధులకును రోగులకును బరిచర్య చేయ వచ్చువారు తమ కుటుంబమును వెంటఁ దెచ్చుకొనరాదని శాసించినది. పరులవారిని సాఁకువారే తమవారికి దూరము కావలె ననుటలోఁ గువైటును బ్రిటనును నొకే సూత్రమునకు రెండు వృత్తులు వ్రాసినవి.

ఇఁకఁ గవిత్వము. తెలంగాణమునఁ గరీంనగరము, నిజామాబాదు సీమలనుండి గల్ఫునకుఁ బోవువారు ప్రధానముగాఁ బురుషులు. అచ్చటి గేయములందు భార్య యింట నుండి యెదురుచూచుట సహజము. ప్రోషితభర్తృకాలక్షణ మక్కడఁ గుదురును. ఆ యచ్చునే తెచ్చి నెల్లూరుసీమ స్త్రీమీఁద నొత్తినచో నౌచిత్యభంగము. పరుల వంటయింట నర్ధరాత్రమువఱకుఁ బనిచేసి సెల్లుఫోను చేతఁ బట్టినయామె చంద్రోపాలంభము చేయదు. బిడ్డ యన్నము తిన్నదా, జ్వరము తగ్గినదా యని యడుగును. శృంగార మచ్చట నంగమే కాని యంగి కాదు. విశ్వనాథుఁడు వత్సలమును రసముగా నంగీకరించినది యిట్టి కావ్యములకొఱకే యనిపించును. యజమానురాలిని మామా యని పిలువవలసివచ్చుటలో హాస్యమునకుఁ గొంత తావున్నది. తెలుఁగుచెవి కది లింగవ్యత్యయము.

ప్రోషితభార్యునికిఁ గవులు చేసిన యన్యాయము వేఱు. మగఁడు సొమ్మంతయుఁ ద్రాగి చెడఁగొట్టె నని యొక వాక్యమునఁ దీర్చివేయుట సులభము. 1992లో సారావ్యతిరేకోద్యమము పుట్టిన దూబగుంట యీ సీమదే గావున నా నింద గాలిలోఁ బుట్టినది గాదు. కాని తెల్లవాఱుజామున లేచి కూఁతునకు జడ వేసి బడి కంపు తండ్రియుఁ గలఁడు. ఆ జడ వంకరగా వచ్చుటను వర్ణించిన కవి కనఁబడఁడు.

ఈ స్త్రీకిఁ దగిన పూర్వకావ్య మొకటి కలదు. అదియు నెల్లూరి కవిదే. విరాటపర్వమున ద్రౌపది మాలినియై సుదేష్ణకడఁ గొలువు కుదురునప్పుడు తన నియమములు ముందే చెప్పుకొనును: ఎంగిలి ముట్టదు, కాళ్లు కడుగదు. అది యేఁడాది యొడంబడిక. కువైటు 2015లోఁ జేసిన 68వ చట్టమునను నియమములు చక్కనివే. వారమునకొక విశ్రాంతిదినము, దినమునకుఁ బండ్రెండు గంటలకు మించని పని, పాస్‌పోర్టును యజమానుఁ డుంచుకొనరాదు. 2021లో భారతమును గువైటును నీ విషయమున నొడంబడికపత్రము వ్రాసికొన్నవి. సుదేష్ణయుఁ దాను విన్న నియమములను మీఱలేదు. సోదరుని యింటికిఁ బోయి మద్యము తెమ్మన్నది, అంతే. ఎంగిలి కాదు, కాళ్లు కాదు. మాట తప్పినట్లును గాదు. తిక్కన ప్రతిభ యచ్చట నున్నది. ఆమెను గ్రూరురాలిగాఁ జేయక, యాశ్రితురాలిని గాపాడలేని మెత్తని మనసుదానిగా నిలిపెను. పోవలసిన మాలిని భయమును, పంపవలసిన రాణి సంకోచమును మాటలలోనే నడచును.

కీచకుఁడు తన్నినప్పుడు సభలో భర్త లున్నారు. ఇది మా భార్య యనఁజాలరు. అన్నచో నజ్ఞాతవాసము చెడును. ఒక్క పురమున నుండియుఁ గుటుంబము గాకుండుట యీ కథకుఁ బ్రాణము. భీముఁడు వంటవాఁడు, ద్రౌపది పరిచారిక. రాత్రివేళ వంటయింట దొంగతనముగా మాటాడుకొందురు. కువైటున నొక యింటఁ గారు నడుపు భర్తయు వేఱొక యింట వంట చేయు భార్యయు, నిరువురును 20 నంబరువారే యైనచో, సెలవు దొరకిన పూఁటఁ గలిసికొందురు గాని యొక కప్పుక్రింద బిడ్డలతోఁ గాఁపురము చేయ వారి కనుజ్ఞ రాదు. వ్యాసభారతమున భీముఁడు చందనము నూఱి కాయలు కాచిన యామె చేతులను మొగమునకుఁ జేర్చుకొని యేడ్చును. ప్రవాసవర్ణనమున కంతకంటె నుద్దీపనవిభావము వెదకనక్కఱలేదు. చంద్రుఁడును మేఘమును దాని ముందు వెలవెలఁబోవును.

ఆ కథయందును నొక కొఱఁత కలదు. ద్రౌపది దుఃఖములోఁ బెద్దపాలు భర్తల యవస్థకే పోయినది: ధర్మజుని జూదము, భీముని వంట, యర్జునుని నాట్యశాల. కొడుకు లైదుగురును దల్లికి దూరముగాఁ బెరిఁగిరి. అరణ్యపర్వమున సత్యభామ వచ్చి, ద్వారకలో సుభద్ర వారినిఁ దన బిడ్డవలెనే చూచుచున్నదని చెప్పిపోవును. అవ్వ బాగుగఁ జూచుచున్నదిలే యను ఫోనుమాట కిది పూర్వరూపము. ఏఁడు నిండి యజ్ఞాతవాసము ముగిసినపిదప ఉపప్లావ్యమున నభిమన్యుని వివాహమునకు బంధువులు వచ్చిరి. వ్యాసభారతమున ద్రౌపదీపుత్రులు వచ్చినవారి పట్టికలో నొక పేరుగాఁ గానవచ్చుదురు. వెంటనే వేఱొక పేరు. కొలువు ముగించి వచ్చిన తల్లి యెత్తు పెరిఁగిన కొడుకులలో నెవ్వని నెట్లు పోల్చుకొనెనో, వారు మొదట దగ్గఱకు వచ్చిరో వెనుక నిలిచిరో, యా ఘట్టమునకు శ్లోకము లేదు.